పరదేశి చెప్పిన కొలతలు

అన్నం తింటూ తింటూ పరదేశి, రేపటి నుంచి తనూ గ్రౌండుకి వస్తానన్నాడు. చారు వడ్డిస్తున్న వెంకటదుర్గ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"నువ్వెందుకు బావా?" అంది.

"టేపు పట్టడానికి ఇంకో మనిషుండాల గదా. నీకు నువ్వే దూకి, నీకు నువ్వే కొలుసుకుంటావేటి?"

మాట సబబుగానే ఉంది. సబబుగా ఉందనే ఆమెకి అనుమానం వచ్చింది. ఇరవై రోజుల క్రితం ఈ మనిషే ఇదే పీట మీద కూర్చుని, యాభై రెండేళ్ళొచ్చినదానివి పేంటేసుకుని గెంతుతుంటే ఈ ఊళ్ళో నేను తలెత్తుకుని ఆటో తిప్పుకోవాలా వద్దా అని కంచం తోసేసి లేచిపోయాడు. ఆ తర్వాత పది రోజులు మాటల్లేవు. ఇప్పుడు ఏం ముంచుకొచ్చిందని టేపు పడతానంటున్నాడు?

వెంకటదుర్గ నర్సీపట్నంలో అంగన్‌వాడీ టీచరు. పుట్టిల్లు నాతవరం. అక్కడి హైస్కూల్లో చదివేటప్పుడు జావెలిన్ విసరడంలో జిల్లా పోటీల దాకా వెళ్ళింది. పదో తరగతి అవగానే మేనమామ కొడుకు పరదేశికిచ్చి చేసేశారు. ఆటలు అక్కడితో సరి. కొడుకు గాజువాకలో స్థిరపడి, కూతురు అనకాపల్లి కోడలై వెళ్ళాక, మోకాళ్ళు పట్టేస్తున్నాయని డాక్టరు నడవమంటే, పొద్దున్నే జూనియర్ కాలేజీ గ్రౌండుకి నడకకి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడే రోజారమణి మేడం పరిచయమైంది. ఆవిడ ఒక హైస్కూల్లో పీడీ, పిల్లలకి ఆటలు నేర్పే టీచరు. దుర్గ నడుస్తూ నడుస్తూ కుర్రాళ్ళు వదిలేసిన వెదురు జావెలిన్ తీసి సరదాగా విసిరితే, అది పోయి పడిన చోటు చూసి ఆవిడ నడక ఆపేశారు.

ఆగస్టులో ఒకరోజు మేడం తన ఫోనులో ఒక కాగితం చూపించారు. ఫిబ్రవరిలో ఏలూరులో మాస్టర్స్ మీట్, యాభై దాటిన ఆడవాళ్ళకి విడిగా పోటీలు. జావెలిన్‌కి పేరివ్వండి, పతకం వచ్చినా రావచ్చన్నారు. దుర్గ ఆ జాబితా చివరి దాకా చదివి, అట్టడుగున ఉన్న పేరు దగ్గర ఆగింది. హెప్టాథ్లాన్ అంటే ఏమిటని అడిగింది. రెండు రోజుల్లో ఏడు ఈవెంట్లు అని మేడం వివరించారు. మొదటి రోజు హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, రెండు వందల మీటర్ల పరుగు. రెండో రోజు లాంగ్‌జంప్, జావెలిన్, ఎనిమిది వందలు. అన్నిటి పాయింట్లూ కలిపి లెక్క. అది వయసులో ఉన్నవాళ్ళనే చంపేస్తుందండీ అని కూడా అన్నారు.

దుర్గ తన పేరు దానికే రాయమంది. ఎందుకో ఆమె ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయింది. జావెలిన్ ఒక్కటీ అయితే ముప్పై ఏడేళ్ళ క్రితం చేసిన పనే మళ్ళీ చేసినట్టు. ఏడూ అంటే ఎప్పుడూ చేయనిది. లోపల అనుకున్నది అంతే.

అలాంటి పనికి పరదేశి సాయం వస్తానన్నాడు. వచ్చాడు కూడా. తెల్లవారుజామున అయిదింటికి నాతవరం వెళ్ళే మొదటి ట్రిప్పు అతనిదే. ఆ ట్రిప్పు మానేసి, ఆటోలో ఆమెని గ్రౌండుకి తీసుకొచ్చాడు. ఇంటి నుంచి గ్రౌండు రెండు సందుల దూరం. అంత చిన్న దూరానికి ఆటో ఎందుకని దుర్గ అంటే వినలేదు, నడిచే నడకంత మెల్లగా నడిపాడు. ఇసుక గుంట దగ్గర టేపు పట్టాడు. షాట్‌పుట్ గుండు పడినచోట పుల్ల గుచ్చాడు. ఇటుకల మీద వెదురు కర్రలు పేర్చి హర్డిల్స్ కట్టిచ్చాడు. దుర్గ నోటుబుక్కులో అతను చెప్పిన కొలతలు రాసుకుంది.

మూడో రోజున ఆడపడుచు మహాలక్ష్మమ్మ ఫోను చేసింది. తమ్ముడు నీకోసం పొద్దుటి బేరం ఒదులుకున్నాడంటగా, అదృష్టవంతురాలివి అంది. అదే మాట పక్కింటివాళ్ళూ అన్నారు, కూతురూ అంది. అంటే ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడన్నమాట. ముప్పై ఏళ్ళకు పైగా కాపురంలో ఒక్కసారి చీర కొంటే కూడా బయట చెప్పుకోని మనిషి, ఈ ఒక్క సంగతి ఎందుకింత చాటుకుంటున్నాడు? రేపు తను ఓడిపోయి వస్తే, ఇంత చేశాను ఏం సాధించావు అని అడగడానికి సాక్షుల్ని ఇప్పట్నుంచే పోగేస్తున్నాడా? దుర్గకి అలాగే అనిపించింది.

అక్టోబరు వచ్చేసరికి కొలతలు బాగా పెరిగాయి. లాంగ్‌జంప్ మూడు ఇరవైతో మొదలై మూడు నలభై అయింది, తర్వాత మూడు అరవై. రెండు వందల మీటర్ల పరుగు నలభై రెండు సెకన్ల నుంచి ముప్పై ఎనిమిదికి దిగింది. దుర్గ సంతోషపడింది. ఆ రాత్రుళ్ళు పడుకునే ముందు నోటుబుక్కు తీసి ఒకసారి చూసుకునేది. కానీ ఒంటికి తెలిసే లెక్క వేరే ఉంటుంది. దూకినప్పుడు మడమలు ఇసుకలో దిగే చోటు తనకి కొత్తగా ఏమీ అనిపించలేదు. పరుగు ఆఖరున తొడలు పట్టేయడం ఏమీ తగ్గలేదు. ఇంకో విచిత్రం, పరదేశి చెప్పే సెకన్లన్నీ నిండు అంకెలే. ఏదీ చూపించు అని ఫోనుకి చెయ్యి చాస్తే, నొక్కీసినాను, పోనాది అనేవాడు. ప్రతిసారీ పోయేది.

నోటుబుక్కు చూసి రోజారమణి మేడం కళ్ళజోడు సర్దుకున్నారు. నెలలో నలభై సెంటీమీటర్లు పెరగడం ఇరవై ఏళ్ళ పిల్లలకే కష్టమన్నారు. కొలిచేది ఎవరండీ అని అడిగారు. మా ఆయనేనంటే, ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. అనకపోవడమే దుర్గని ఎక్కువ కలవరపెట్టింది.

ఆ వారంలోనే ప్రాజెక్టు ఆఫీసులో మీటింగు ముగించుకుని అబీద్ సెంటర్ మీదుగా వస్తూ, ఆటో స్టాండు దగ్గర టీ కొట్టు వెనక నుంచి పరదేశి గొంతు విని ఆగింది. పక్కన అప్పలరాజు ఉన్నాడు. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా ఒకే స్టాండులో ఆటోలు పెట్టుకునేవాళ్ళు.

"ఫిబ్రవరి దాకా ఇలాగ లాగించీస్తే సాలురా," అంటున్నాడు పరదేశి. "దుర్గకి మాత్రం తెలీకూడదు."

అప్పలరాజు ఏదో గొణిగాడు. ఇంతలో ఆమెని చూసి మోచేత్తో పొడిచాడు. ఇద్దరూ నోళ్ళు మూసేశారు. పరదేశి నవ్వుతూ, టీ తాగుతావేటే అని అడిగాడు. దుర్గ తాగనని చెప్పి వచ్చేసింది. ఇంటికి వచ్చేలోపల ఆమెకి అంతా అర్థమైపోయినట్టే అనిపించింది. కావాలని కొలతలు పెంచి చెబుతున్నాడు. తను వాటిని నమ్మి ఏలూరు వెళ్ళాలి. అక్కడ నలుగురిలో నవ్వులపాలవ్వాలి. మళ్ళీ జన్మలో గ్రౌండు మొహం చూడకుండా ఇంట్లో కూర్చోవాలి. వద్దని అరిస్తే వినలేదు కాబట్టి, మంచిగా ఉంటూ వదిలిద్దామనుకున్నాడు.

మర్నాడు పరదేశి టీ తాగడానికి గేటు దగ్గరికి వెళ్ళినప్పుడు, దుర్గ ఒక్కతే మూడుసార్లు దూకింది. టేపు కొసని రాయి కింద పెట్టి తనే కొలుచుకుంది. మూడు ఎనిమిది. మూడు పన్నెండు. ఆఖరుది మూడు మీటర్లకి మూడు సెంటీమీటర్లు తక్కువ. అంతకు పావుగంట ముందే అతను మూడు అరవై రెండు చెప్పాడు. అర మీటరు అబద్ధం. నెలనెలా పిల్లల్ని నిలబెట్టి, చెప్పులు విప్పించి, మడమలు గోడకి ఆనించి ఎత్తు రాసే మనిషి ఆమె. ఒక్క సెంటీమీటరు తేడా వస్తే మళ్ళీ నిలబెట్టి కొలుస్తుంది.  అయినా అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాడు. పట్టుకుంటే అబద్ధం ఇంకా నోట్లో ఉండగానే పట్టుకోవాలి.

మంచు పడుతున్న రోజు అది. ఇంకా బాగా తెల్లారలేదు. దుర్గ దూకి, ఇసుకలో మడమ పడిన చోట టేపు కొస నొక్కిపట్టింది. పరదేశి అటువైపు, కాలు మోపి దూకే చెక్క దగ్గర వంగి, టేపుని బొటనవేలితో పట్టుకుని కాసేపు చూశాడు.

"మూడు అరవై అయిదు," అన్నాడు.

"అలాగే పట్టుకో బావా. వేలు తియ్యకు. నేనొచ్చి సూస్తాను."

ఆమె కొసకి ఇటుక ముక్క పెట్టి, గుంట గట్టు మీదుగా గబగబా నడిచి వెళ్ళింది. అతను కదల్లేదు, వేలూ తీయలేదు. దుర్గ వంగి చూసింది. టేపు మధ్యలో మెలికపడి ఉంది. అతని చేతిలో ఉన్నది టేపు వెనక వైపు. తెల్లగా, ఖాళీగా ఉంది. వేలి కింద ఏ అంకే లేదు. ఆ చుట్టుపక్కల కూడా లేదు.

 అబద్ధం చెప్పేవాడెవడూ ఖాళీ టేపు చూపించి అబద్ధం చెప్పడు. తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది. అతనూ ఆమె వైపే చూస్తున్నాడు. కానీ ఆ చూపు ఆమె చెవి పక్కన ఎక్కడో పడుతోంది. నల్లగుడ్డు మధ్యలో బూడిదరంగు పొర. ఎన్నాళ్ళ నుంచి ఉందో అది. ఈ రెండు నెలలూ ఆమె ఆ మొహంలోకి చూసింది ఏ అబద్ధం దొరుకుతుందా అనే.

"బావా, దీని మీద అంకెల్లేవు," అంది మెల్లగా.

పరదేశి వేలు తీశాడు. టేపుని రెండోవైపు తిప్పాడు. మళ్ళీ మొదటివైపుకి తిప్పాడు. తర్వాత దాన్ని వదిలేసి గట్టు మీద కూలబడ్డాడు.

అడగ్గా అడగ్గా ఒక్కొక్కటే చెప్పాడు. ఎండాకాలం నుంచి చూపు మసకేసింది. పగలు ఎండ కాశాక ఫర్వాలేదు. చీకట్లో ఎదుటి బండి లైటు పడితే చాలు, రోడ్డంతా తెల్లటి గుడ్డ కప్పినట్టయిపోతుంది. సెప్టెంబరులో తెల్లారగట్ల నాతవరం రోడ్డులో పాలకేన్లు కట్టుకుని వస్తున్న ఒక అమ్మాయి సైకిలు, ముందుచక్రం దగ్గరికి వచ్చేదాకా అతనికి కనపడలేదు.

"తగిల్నాదా?"

"హేండిల్‌కి తగిల్నాది. పడిపోనాది. మోచెయ్యి కొట్టుకుపోతే నేనే కట్టు కట్టించి ఇంటికాడ దించినాను."

ఆ మర్నాడే అతను మొదటి ట్రిప్పు మానేశాడు. మానేస్తే స్టాండులో ఎందుకని అడుగుతారు. కళ్ళు పోయాయని తెలిస్తే బండి ఎవరు ఎక్కుతారు? మా ఆవిడ ప్రాక్టీసుకి తోడెళ్తున్నానని చెబితే ఎవరూ రెండో మాట అడగరు. తెలిసింది అప్పలరాజు ఒక్కడికే.

"ఫిబ్రవరి దాకా అన్నావు. తర్వాత?"

"తర్వాత ఏటో నాకూ తెల్దు."

డాక్టరుకి ఎందుకు చూపించుకోలేదని అడిగితే, తండ్రి సంగతి ఎత్తాడు. ఆయన కంటికి ఆపరేషను చేయించుకున్నాకే ఆ కన్ను పోయిందట. అది నలభై ఏళ్ళ నాటి మాట. కానీ కట్టు విప్పిన రోజున తండ్రి పెట్టిన కేక ఇప్పటికీ చెవుల్లో ఉందన్నాడు.

"మరి నా కొలతలు పెంచి సెప్పడం ఏటి? తక్కువ సెప్పొచ్చు గదా?"

పరదేశి వేలితో ఇసుక కెలికాడు. "తక్కువ సెప్తే నువ్వు మానేస్తావు. నువ్వు మానేస్తే నేను మళ్ళీ పొద్దున్న బండి తియ్యాల."

నీ సంతోషం కోసమే చెప్పానని అతను అని ఉంటే దుర్గ నమ్మేది కాదు. ఈ జవాబులో తీపి ఏమీ లేదు. అందుకే నమ్మింది. నమ్మాక కోపం ఇంకోవైపు తిరిగింది. పగలు కనిపిస్తుందనేది ఎంతవరకు నిజం? తను ఇన్నాళ్ళూ ఎవరి ఆటోలో కూర్చుని గ్రౌండుకి వచ్చింది? తన అంగన్‌వాడీ సెంటర్‌కి వచ్చే పిల్లలు ఆ రోడ్డే దాటుతారు.

"తాళం ఇయ్యి," అంది.

బేరాలు వేళకి రావాలని, దారి తనకి కంఠతా వచ్చని అతను ఏదేదో అన్నాడు. ఆమె చాచిన చెయ్యి అలాగే ఉంచింది. కాసేపటికి జేబులోంచి తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆటోని అప్పలరాజు వచ్చి ఇంటికి చేర్చాడు. వాళ్ళిద్దరూ నడిచే వచ్చారు. దారిలో ఒక గేదె అడ్డం వస్తే, అది మరీ దగ్గరికి వచ్చాకగానీ పరదేశి పక్కకి తప్పుకోలేదు. దుర్గ అది గమనించి, అతని మోచెయ్యి పట్టుకుంది.

అంత చెప్పినా ఆమెకి ఇంకా ఒక అనుమానం మిగిలే ఉంది. హేండిల్‌కి తగిలింది అన్నాడు. నిజంగా అంతేనా? ఆదివారం షేర్ ఆటో ఎక్కి, ఆ సైకిలు అమ్మాయి ఊరు వెతుక్కుంటూ వెళ్ళింది. పాలమ్మే పిల్ల పేరు చిట్టితల్లి. పదిహేడేళ్ళుంటాయి. మోచేతి మీద మానిన గాయం మచ్చ తప్ప మరేం లేదు. సైకిలు కూడా బాగానే ఉంది. మీ ఆయన మూడుసార్లొచ్చి చూసెళ్ళారని తల్లి చెప్పి, మజ్జిగ ఇచ్చింది. దుర్గ ఆ మజ్జిగ తాగి, ఊపిరి పీల్చుకుంది. మొగుడి అబద్ధాలు ఇసుక గుంట దాటి వెళ్ళలేదన్నమాట.

విశాఖపట్నంలో కంటి డాక్టరు చూసి రెండు కళ్ళకీ శుక్లాలన్నారు. ఇంకో ఏడాది ఆగితే కష్టమయ్యేదని, ఇప్పుడు భయం లేదని చెప్పారు. నవంబరులో ఎడమ కన్ను, డిసెంబరు ఆఖరులో కుడి కన్ను చేశారు. కట్టు విప్పేటప్పుడు పరదేశి భార్య చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, గాజులు రెండు ఒత్తుకుని మచ్చలు పడ్డాయి. కేక పెట్టలేదు. ఎదురుగా గోడ మీదున్న కేలండరులో తారీకు చదివి, ఇదేనా అని అడిగాడంతే.

చుక్కల మందులు, డాక్టరు దగ్గరికి ప్రయాణాలతో దుర్గ ప్రాక్టీసు సగానికి సగం పడిపోయింది. ఆ మధ్యలోనే రోజారమణి మేడం పాత కొలతలూ నిజం కొలతలూ పక్కపక్కన పెట్టి చూసి, ఏడూ వద్దండీ, జావెలిన్ ఒక్కటే ఉంచుకోండి అని నచ్చజెప్పారు. దుర్గ రెండు రోజులు ఆలోచించింది. నలభైలు, అరవైలు చూసి మురిసిపోయిన నెల రోజులు గుర్తొస్తే సిగ్గేసింది. అది మొగుడి తప్పొక్కటే కాదు. మడమలకి తెలిసిన సంగతిని పక్కనపెట్టి, చెవికి ఇంపుగా ఉన్నదాన్ని రాసుకున్నది తను. ఆ కాగితాలు చింపలేదు. కింద గీత గీసి, కొత్తగా మొదలుపెట్టింది. మేడంతో ఏడూ ఉండనివ్వమని చెప్పింది.

జనవరి చివర్లో పరదేశి మళ్ళీ టేపు పట్టాడు. ఆమె మొదటిసారి దూకగానే మూడు అయిదు అని అరిచాడు. ఇప్పుడు తగ్గించి చెబుతున్నాడేమోనని దుర్గ లేచి వెళ్ళి చూసింది. మూడు అయిదే. ఆ వారమంతా ప్రతిదానికీ వెళ్ళి చూసింది. ప్రతిసారీ అతను వేలు అలాగే పెట్టి ఉంచాడు, నొచ్చుకోలేదు.

ఏలూరులో ఆమె విభాగానికి ఐదుగురే వచ్చారు. అందరికంటే పెద్ద శ్రీకాకుళం నుంచి వచ్చిన పోలేరమ్మ గారు, ఆవిడకి యాభై తొమ్మిది. హర్డిల్స్‌లో దుర్గ రెండు కర్రలు పడగొట్టి ఆఖరున వచ్చింది. హైజంప్‌లో ఒక మీటరు ఐదు దాటింది, దానికి ఆమే ఆశ్చర్యపోయింది. షాట్‌పుట్ మామూలు. రెండు వందల పరుగులో మలుపు దగ్గర తొడ పట్టేస్తే పళ్ళు బిగించి వచ్చింది. ఆ సాయంత్రం లాడ్జి మెట్లు ఒక్కొక్కటే కూర్చుంటూ ఎక్కింది. రేపు లేవగలనో లేదో అని పరదేశితో అంది. అతను తొడకి నూనె రాస్తూ, లేవలేకపోతే మానెయ్యి, ఎవరికీ సెప్పను అన్నాడు. ఈసారి దుర్గ ఆ మాట వెనక ఏముందోనని వెతకలేదు. వెతికే ఓపిక లేదు.

లేచింది. లాంగ్‌జంప్ మూడు పది. జావెలిన్ మాత్రం చేతిలోంచి వదలగానే తెలిసిపోయింది, ఐదుగురిలో అదే మొదటిది. ఎనిమిది వందల పరుగుకి వచ్చేసరికి ఒకావిడ మోకాలు వాచి తప్పుకుంది. మిగిలిన నలుగురిలో దుర్గ మొదటి రౌండు మూడోదిగా పరిగెత్తింది. రెండో రౌండులో పోలేరమ్మ గారు పక్కనుంచి దాటిపోతూ, ఊపిరి ముక్కుతో తీసుకోమ్మా అని చెప్పి ముందుకెళ్ళిపోయారు. ఆఖరి వంద మీటర్లు దుర్గకి చెవుల్లో హోరు తప్ప ఏమీ వినిపించలేదు. గీత దాటి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నిలబడింది. మొత్తం పాయింట్లు కలిపితే నాలుగో స్థానం. పతకాలు మూడే.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి సెంటరు తలుపు తీసింది. రోజూ పిల్లలతోపాటు చాప మీద కూర్చునే మనిషి, ఆరోజు కూర్చోబోయి, మోకాళ్ళు వంగక, గోడ పట్టుకుని నిలబడిపోయింది. ఆయా అప్పలకొండమ్మ కుర్చీ తెచ్చి వేసింది. ఎన్నోదానివొచ్చావమ్మా అని అడిగింది.

"నాలుగు," అంది వెంకటదుర్గ. "ఏడూ పూర్తిసేసినాను."

అప్పలకొండమ్మ సరేనని గుడ్లు ఉడకబెట్టడానికి లోపలికి వెళ్ళింది. దుర్గ రిజిస్టరు తెరిచి, వచ్చిన పిల్లల పేర్లు పిలవడం మొదలుపెట్టింది.